ఏమీ మార్చని ఫైలు మారకూడదు: ఒక అవుట్‌లైన్ ఎడిటర్‌లో ఫైళ్లు తెరిచే పద్ధతిని తిరగరాసిన కేస్ స్టడీ

అవుట్‌లైన్ ఎడిటర్ అనేది మామూలు టెక్స్ట్ ఎడిటర్ చేసే పనులన్నీ చేస్తూనే, ఫైల్లోని పాఠాన్ని శీర్షికలు, ఉపశీర్షికలు, వాటి కింద అసలు విషయం ఉన్న చెట్టు రూపంలో చూపించే సాధనం. నోట్‌ప్యాడ్ వంటి ఎడిటర్‌కు ఫైలు తెరవడమంటే అందులోని అక్షరాలను తెరమీదికి తేవడమే. అవుట్‌లైన్ ఎడిటర్ పని అంతటితో తీరదు. ఆ ఫైలు పైథాన్ ప్రోగ్రామా, # వంటి గుర్తులతో శీర్షికలను సూచించే మార్క్‌డౌన్ పత్రమా, మరొక అవుట్‌లైనర్ నుంచి వచ్చిన ఓపీఎంఎల్ ఫైలా అన్నది తేల్చుకుని, ఒక భాగం ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి, ఒక్కో భాగాన్ని ఒక్కో నోడ్‌గా పేర్చాలి. సేవ్ చేసినప్పుడు ఆ నోడ్లన్నింటినీ మళ్లీ వరసగా కలిపి మామూలు ఫైలుగా రాయాలి.

మా చిన్న బృందం నిర్వహించే ఎడిటర్ పైథాన్‌లో రాసినది. దానిని వాడేవారిలో ప్రోగ్రామర్లు ఉన్నారు, సాంకేతిక పత్రాలు రాసేవారు ఉన్నారు, తెలుగులో పాఠ్యాంశాలు తయారుచేసేవారు కూడా ఉన్నారు. వీరి నుంచి వచ్చే ఫిర్యాదులు చాలాకాలంగా మూడు రకాలుగా ఉండేవి. మొదటిది, ఫైలు తెరుచుకుంటుంది గానీ అంతా ఒకే నోడ్‌లో ముద్దగా పడుతుంది. రెండవది, నోడ్లుగా విడిపోతుంది గానీ విడిపోకూడని చోట విడిపోతుంది. మూడవది అన్నింటికంటే తీవ్రమైనది: ఫైలు చక్కగా తెరుచుకుంటుంది, ఒక్క పదం దిద్ది సేవ్ చేస్తే చేయి పెట్టని చోట్ల కూడా ఏదో మారిపోతుంది, ఆ తరువాత ఫైళ్లలోని మార్పులను నమోదుచేసే గిట్‌లో చూస్తే ఫైలంతా మారినట్టు కనిపిస్తుంది. మొదటి రెండింటిలో నష్టం కంటికి కనిపిస్తుంది కాబట్టి వాడేవారు వెంటనే జాగ్రత్త పడతారు. మూడవదానిలో నష్టం కనిపించకుండా జరుగుతుంది. కొత్త ఫైలు రకాలను చేర్చుకుంటూ పోవడం కంటే ముందుగా ఈ మూడవ సమస్యకు మూలం కనిపెట్టాలని మేము నిర్ణయించాము.

ఆ మూలం తెరిచే దశలోనే ఉంది. సేవ్ చేసేటప్పుడు పోయినవన్నీ నిజానికి తెరిచేటప్పుడే పోయినవి. పంక్తి చివరి గుర్తులు, కనిపించని అక్షరాలు, శీర్షికల అసలు స్థాయి, ఇవన్నీ చెట్టు కట్టే క్రమంలో పక్కకు పడిపోయి, తిరిగి రాసేటప్పుడు అందుబాటులో లేకపోవడం వల్లే ఫైలు మారుతోంది. అందువల్ల తెరిచే పద్ధతికంతటికీ ఒకే నియమం పెట్టుకున్నాము: తెరిచిన ఫైలును ఏమీ మార్చకుండా సేవ్ చేస్తే, అది ఒక్క బైట్ తేడా లేకుండా మునుపటి ఫైలుగానే ఉండాలి. ఈ నియమాన్ని నిలబెట్టలేని ఇంపోర్టర్ (ఒక రకం ఫైలును చదివి నోడ్లుగా విడగొట్టే భాగం) ఎంత అందమైన చెట్టును కట్టినా దానిని వాడకూడదు.

లియో నుంచి నేర్చుకున్నది

ఈ సమస్యతో చాలా ఏళ్లుగా కుస్తీ పట్టిన ఎడిటర్ ఎడ్వర్డ్ రీమ్ పైథాన్‌లో రూపొందించిన లియో. అందులో ఫైలును తెరవడానికి ఒకే మార్గం లేదు. '@ఫైల్' పద్ధతిలో నోడ్ల సరిహద్దులను తెలిపే ప్రత్యేక వ్యాఖ్య పంక్తులను లియో ఆ ఫైల్లోనే రాస్తుంది. చెట్టు నిర్మాణం చెక్కుచెదరదు, కానీ అదే ఫైలును మరో ఎడిటర్‌లో తెరిచే సహోద్యోగికి ఆ పంక్తులన్నీ కనిపిస్తాయి. '@ఆటో' పద్ధతిలో ఫైలు శుభ్రంగా ఉంటుంది, తెరిచిన ప్రతిసారీ ఆ భాషకు తగిన ఇంపోర్టర్ దానిని కొత్తగా విడగొడుతుంది. '@క్లీన్' పద్ధతిలో చెట్టు లియో సొంత ఫైల్లో ఉంటుంది, బయటి ఫైల్లో ప్రత్యేక పంక్తులేవీ ఉండవు. బయటి ఫైలు మారి ఉంటే, మారిన పంక్తులను పోల్చిచూసి ఏ మార్పు ఏ నోడ్‌కు చెందుతుందో లెక్కగడుతుంది. '@ఎడిట్' మాత్రం ఫైలంతటినీ ఒకే నోడ్‌లో ఉంచుతుంది.

ఈ నాలుగింటిలో ఏది మేలైనదన్న చర్చ మాకు పెద్దగా ఉపయోగపడలేదు. ఉపయోగపడింది మరొక విషయం. చివరి పద్ధతి ఎంత సాదాసీదాదైనా అది ఎన్నడూ ఫైలును పాడుచేయదు. అంటే లోతుగా విడగొట్టడం కుదరనప్పుడు క్షేమంగా వెనక్కు తగ్గడానికి ఒక మెట్టు ఎప్పుడూ ఉంటుంది. మా రూపకల్పన అంతా ఆ మెట్ల చుట్టూనే సాగింది.

బైట్ల దగ్గర మొదలుపెట్టడం

పాత పద్ధతిలో ఫైలు పేరు చివరి ఎక్స్‌టెన్షన్‌ను చూసి, దానికి సంబంధించిన ఇంపోర్టర్‌కు ఫైలు చిరునామాను అప్పగించేవాళ్లం. ఫైలును చదవడం ఆ ఇంపోర్టర్ బాధ్యత. ఫలితంగా ఒక్కో ఇంపోర్టర్ ఒక్కో విధంగా చదివేది. ఇప్పుడు చదవడం ఒకే చోట జరుగుతుంది, అదీ అక్షరాలుగా కాక బైట్లుగా జరుగుతుంది. పైథాన్‌లో ఫైలును మామూలు టెక్స్ట్ పద్ధతిలో తెరిస్తే విండోస్ తరహా పంక్తి ముగింపులు నిశ్శబ్దంగా యూనిక్స్ తరహాకు మారిపోతాయన్నది పైథాన్ రాసేవారందరికీ తెలిసిన విషయమే, అయినా గిట్‌లో ఫైలంతా మారినట్టు కనిపించిన సందర్భాల్లో చాలావాటికి కారణం అదే. కొన్ని ఫైళ్లలో రెండు తరహాలూ కలిసి ఉంటాయి. అలాంటప్పుడు ఏదో ఒకదానికి సర్దుబాటు చేయకుండా, ప్రతి పంక్తికీ దాని ముగింపును దానితోనే ఉంచుతాము. చివరి పంక్తికి ముగింపు లేకపోతే లేకుండానే ఉంచుతాము.

తరువాత అది టెక్స్ట్ ఫైలా, బైనరీ ఫైలా అన్నది తేలాలి. గిట్ ఒక ఫైలులోని మొదటి 8000 బైట్లలో సున్నా బైట్ కనిపిస్తే దానిని బైనరీగా భావిస్తుంది. ఈ సూత్రం సరళమైనది, చాలావరకు సరైనది, కానీ యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) రాసిన తెలుగు ఫైలును ఇది బైనరీగా తోసిపుచ్చుతుంది. ఆ ఎన్‌కోడింగ్‌లో తెలుగు అక్షరాల పై బైట్ 12 అవుతుంది గానీ, పదాల మధ్య ఖాళీలకు, పంక్తి ముగింపులకు పై బైట్ సున్నాయే. అందుకని ఫైలు మొదట్లో యూటీఎఫ్-16 గుర్తు ఉందేమో చూసిన తరువాతే సున్నా బైట్ పరీక్షకు వెళతాము. బైనరీ అని తేలితే ఎడిటర్ ఆ మాట స్పష్టంగా చెప్పి తెరవకుండా ఆగుతుంది.

ఎన్‌కోడింగ్ విషయంలో యూటీఎఫ్-8కే మొదటి అవకాశం ఇస్తాము, ఎందుకంటే దాని నిర్మాణం చాలా కట్టుదిట్టమైనది. వేరే ఎన్‌కోడింగ్‌లో రాసిన పొడవైన పాఠం పొరపాటున సరైన యూటీఎఫ్-8గా కుదరడం అరుదు. తెలుగు విషయంలో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది: యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలలోని ప్రతి అక్షరమూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు తీసుకుంటుంది, మొదటి బైట్ ఎప్పుడూ 224, రెండవది 176 గానీ 177 గానీ అవుతుంది. ఎక్కడో ఒక చెడిన బైట్ వల్ల ఈ పరీక్ష విఫలమైతే పాత ఎడిటర్ ఆ బైట్ స్థానంలో ప్రశ్నగుర్తు ఉన్న నల్ల వజ్రాన్ని పెట్టేది. అలా పెట్టిన క్షణమే అసలు బైట్ శాశ్వతంగా పోయినట్టు. పైథాన్ 3.1 నుంచి దీనికి ఒక చక్కని సదుపాయం ఉంది: అర్థంకాని బైట్‌ను మామూలు పాఠంలో ఎన్నడూ రాని ఒక ప్రత్యేక సంకేతంగా లోపల దాచిపెట్టి, తిరిగి రాసేటప్పుడు అదే బైట్‌గా మార్చవచ్చు. ఇప్పుడు ఆ చోట తెరమీద ఒక రంగు గడి కనిపిస్తుంది, ఫైల్లో మాత్రం ఏమీ మారదు.

తెలుగు ఫైళ్ల దగ్గర ఎదురైన చిక్కులు

ఈ పనిలో ఎక్కువ ఆలోచన కోరినది ఈ భాగమే, కాబట్టి దీనిని కొంచెం వివరంగా చెబుతాను.

యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు విధాలుగా రాయవచ్చు. 'కై' అన్న అక్షరాన్ని క పక్కన ఐత్వం అనే ఒకే సంకేతంతో రాయవచ్చు, లేదా క పక్కన ఎత్వాన్ని, దాని తరువాత ఐత్వపు కింది భాగాన్ని విడివిడిగా రాయవచ్చు. తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, యూనికోడ్ ప్రమాణం కూడా రెండింటినీ సమానమైనవిగానే గుర్తిస్తుంది, కానీ బైట్లు వేరు. వెతుకులాట సరిగా పనిచేయాలన్న సదుద్దేశంతో పాత ఎడిటర్ ఫైలు తెరవగానే పాఠమంతటినీ ఒకే రూపానికి మార్చేది. దాంతో ఐత్వం ఉన్న పంక్తులు చాలావరకు చేయి పెట్టకుండానే మారిపోయేవి. ఇప్పుడు ఆ ఏకరూపత వెతుకులాట కోసం పక్కన కట్టే సూచికలో మాత్రమే ఉంటుంది, నోడ్‌లోని పాఠం ఫైల్లో ఉన్నట్టే ఉంటుంది.

రెండవది, కనిపించని అక్షరాలు. 'సాఫ్ట్‌వేర్' అని రాసినప్పుడు ట్ తరువాత, వే ముందు అక్షరాలు కలవకుండా ఆపే ఒక గుర్తు ఉంటుంది. దానికి వెడల్పు లేదు కాబట్టి కంటికి కనిపించదు, కానీ దానిని తీసేస్తే వకారం ట కింద ఒత్తుగా చేరి 'సాఫ్ట్వేర్' అవుతుంది. శీర్షికలను శుభ్రపరిచే పేరుతో ఇలాంటి గుర్తులను తొలగించే ఒక చిన్న ఫంక్షన్ పాత ఇంపోర్టర్లలో ఉండేది. ఇంగ్లీషు శీర్షికలకు దానివల్ల ఏ హానీ లేదు, కాబట్టి చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు. తెలుగు శీర్షికలను మాత్రం అది చెడగొట్టేది. ఆ ఫంక్షన్‌ను పూర్తిగా తీసేశాము.

మూడవది పరిష్కారం లేని సమస్య, దానిని అలాగే ఒప్పుకోవడం మంచిదని నా అభిప్రాయం. యూనికోడ్ వ్యాప్తికి ముందు తెలుగు డీటీపీ పని అంతా ఫాంట్లకు కట్టుబడిన సంకేతాలతో జరిగింది, ముద్రణ రంగంలో ఇప్పటికీ చాలాచోట్ల జరుగుతోంది. అలాంటి పాఠాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేస్తే, ఎడిటర్‌కు అందులో కనిపించేవి లాటిన్ అక్షరాలు, ఉచ్చారణ గుర్తులే. అది తెలుగు అని చెప్పే ఆధారం బైట్లలో ఎక్కడా లేదు, ఆ ఆధారమంతా ఫాంట్‌లో ఉండిపోయింది. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో రాసిన ఫైళ్లది మరో రకం ఇబ్బంది. ఆ ప్రమాణం బ్రాహ్మీ నుంచి పుట్టిన భారతీయ లిపులకు ఒకే పట్టికను ఇచ్చింది, తెలుగు క-కు, దేవనాగరి క-కు సంకేతం ఒకటే. లిపిని తెలిపే ప్రత్యేక గుర్తు ఫైల్లో లేకపోతే అది ఏ లిపో బైట్లను బట్టి చెప్పడం కష్టం. ఇలాంటి ఫైళ్లను ఎడిటర్ తనంతట తాను యూనికోడ్‌లోకి మార్చే ప్రయత్నం చేయకూడదని తీర్మానించాము. ఉన్నది ఉన్నట్టు తెరుస్తుంది. మార్పిడి అనేది వాడేవారు కోరి, లిపిని లేదా ఫాంట్‌ను తామే ఎంచుకుని, కొత్త ఫైలుగా రాసుకునే ప్రత్యేక ఆదేశం.

ఫైలు రకాన్ని తేల్చడం

ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చాలదనడానికి '.టీఎస్' మంచి ఉదాహరణ. అది టైప్‌స్క్రిప్ట్ ప్రోగ్రాం కావచ్చు, క్యూటీ అనే ప్రోగ్రామింగ్ సాధనం వాడే అనువాదాల ఎక్స్ఎంఎల్ ఫైలు కావచ్చు, ఎంపెగ్ వీడియో ప్రవాహం కావచ్చు. మూడింటినీ లోపలికి తొంగిచూస్తే తేలికగా వేరు చేయవచ్చు: వీడియో ప్రవాహం 188 బైట్ల పొట్లాలుగా ఉండి ప్రతి పొట్లం 71 అన్న బైట్‌తో మొదలవుతుంది, అనువాదాల ఫైలు ఎక్స్ఎంఎల్ ఆనవాళ్లతో మొదలవుతుంది, మిగిలినది టైప్‌స్క్రిప్ట్. '.ఎం' మ్యాట్‌ల్యాబ్‌కూ ఆబ్జెక్టివ్-సీకీ, '.పీఎల్' పెర్ల్‌కూ ప్రోలాగ్‌కూ ఉమ్మడి. మేక్‌ఫైల్, డాకర్‌ఫైల్ వంటివాటికి ఎక్స్‌టెన్షనే ఉండదు. అందువల్ల ఇప్పుడు పేరు కేవలం అభ్యర్థుల జాబితాను ఇస్తుంది, ఒక్కో అభ్యర్థికి చెందిన చిన్న పరీక్ష ఫైలు మొదటి భాగాన్ని చూసి తన తీర్పు చెబుతుంది. వీటన్నింటికంటే వాడేవారు స్వయంగా ఎంచుకున్న రకానికే పైచేయి, ఒకసారి ఎంచుకున్నదాన్ని ఎడిటర్ ఆ ఫైలుకు గుర్తుంచుకుంటుంది.

విడగొట్టడం

ఇంపోర్టర్లకు కొత్తగా విధించిన షరతు ఒకటే. ఫైల్లోని పంక్తులను అవి వరసైన ముక్కలుగా పంచాలి తప్ప ఏ పంక్తినీ చేర్చకూడదు, తీసేయకూడదు, చోటు మార్చకూడదు. చెట్టులో కనిపించే శీర్షిక ఆ ముక్కలోని ఒక పంక్తి నుంచి చూపించడానికి తీసుకున్న ప్రతి మాత్రమే, అసలు పంక్తి నోడ్‌లోనే ఉంటుంది. ఈ షరతు చాలా తప్పులకు తావు లేకుండా చేసింది.

మార్క్‌డౌన్‌లో దీని ప్రయోజనం బాగా తెలుస్తుంది. ఒక పత్రంలో మొదటి స్థాయి శీర్షిక తరువాత నేరుగా మూడవ స్థాయి శీర్షిక వస్తే, పాత ఇంపోర్టర్ చెట్టులో ఖాళీని పూడ్చడానికి రెండవ స్థాయి నోడ్‌ను సృష్టించి, సేవ్ చేసేటప్పుడు దానిని కూడా ఫైల్లో రాసేది. ఇప్పుడు నోడ్ తన అసలు స్థాయిని గుర్తుంచుకుంటుంది, చెట్టులోని లోతు చూపించడానికి మాత్రమే. శీర్షికను గుర్తించడంలోనూ జాగ్రత్త కావాలి. # గుర్తుతో మొదలయ్యే ప్రతి పంక్తీ శీర్షిక కాదు. కోడ్ నమూనాలను మూడు బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టినప్పుడు, ఆ నమూనా పైథాన్‌దో షెల్ స్క్రిప్ట్‌దో అయితే, అందులోని వ్యాఖ్యలన్నీ # తోనే మొదలవుతాయి. సాంకేతిక పత్రాలు రాసేవారి ఫిర్యాదులకు ఇదే ముఖ్యకారణం. అలాగే పత్రం మొదట్లో మూడు అడ్డగీతల మధ్య ఉండే వివరాల భాగం, కింద గీత గీసిన పాత తరహా శీర్షికను పోలి ఉంటుంది. దానిని ముందుగా పక్కకు తీసి ప్రత్యేక నోడ్‌గా ఉంచాలి.

పైథాన్ ఫైళ్లకు ఆ భాష సొంత పార్సర్‌ను (ప్రోగ్రాం నిర్మాణాన్ని విశ్లేషించే సాధనాన్ని) వాడవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. పైథాన్ ప్రామాణిక గ్రంథాలయంలో ఆ పని చేసే ఏఎస్‌టీ మాడ్యూల్ వ్యాఖ్యలను వదిలేస్తుంది, వాక్యనిర్మాణ దోషం ఉన్న ఫైలును అసలు ఒప్పుకోదు. దోషం ఉన్న ఫైలునే కదా మనిషి ఎడిటర్‌లో తెరిచేది. అందుకని పంక్తి పంక్తికీ వెళుతూ, మూడు కొటేషన్ల మధ్య ఉన్న పాఠాన్ని, ఇంకా మూయని బ్రాకెట్లను లెక్కలో ఉంచుకునే సరళమైన స్కానర్‌ను రాశాము. ఒక ఫంక్షన్ పైన ఉన్న డెకరేటర్లు (@ తో మొదలయ్యే పంక్తులు), దానిని ఆనుకుని ఉన్న వ్యాఖ్యలు ఆ ఫంక్షన్ నోడ్‌కే చెందుతాయి. ఎడమ ఖాళీల దగ్గర మరో చిక్కు ఉంది. క్లాసులోని ఫంక్షన్‌ను విడి నోడ్‌లో చూపించేటప్పుడు ఎడమవైపు ఉమ్మడి ఖాళీలను తీసి చూపిస్తే చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ లోపలి పొడవైన స్ట్రింగ్‌లో ఏదో ఒక పంక్తి ఎడమ అంచుకు ఆనుకుని ఉంటే ఆ ఖాళీలను తిరిగి చేర్చడం అసాధ్యమవుతుంది. అలాంటి పంక్తి ఒక్కటి కనిపించినా ఆ నోడ్‌లో ఖాళీలను ముట్టుకోకుండా ఉంచుతాము. చూపుకు కొంచెం వికారంగా ఉన్నా ప్రోగ్రాం క్షేమంగా ఉంటుంది.

ఓపీఎంఎల్ మాత్రం ఈ షరతుకు లొంగలేదు. డేవ్ వైనర్ 2000లో అవుట్‌లైన్ల కోసమే రూపొందించిన ఈ ఎక్స్ఎంఎల్ రూపం అవుట్‌లైన్ ఎడిటర్‌కు అన్నింటికంటే సులువుగా ఉండాలి, చెట్టు కట్టేవరకు సులువే. అయితే అందులో నోడ్ పాఠమంతా ఒక యాట్రిబ్యూట్‌లో (ట్యాగ్ లోపల కొటేషన్ల మధ్య ఇచ్చే విలువలో) ఉంటుంది, ఎక్స్ఎంఎల్ నియమం ప్రకారం యాట్రిబ్యూట్‌లో నేరుగా వచ్చిన పంక్తి ముగింపును పార్సర్ ఖాళీగా మారుస్తుంది, యాట్రిబ్యూట్ల మధ్య ఖాళీలు పార్సర్ దాటి రావు. కాబట్టి ఇక్కడ బైట్ల సమానత్వానికి బదులు చెట్టు సమానత్వాన్నే హామీగా ఇచ్చి, మార్పేదీ లేనప్పుడు ఫైలును అసలు తిరిగి రాయకుండా చూశాము.

తెరిచినప్పుడే పరీక్ష

విడగొట్టడం పూర్తయిన వెంటనే, వాడేవారికి చెట్టును చూపించకముందే, ఎడిటర్ ఆ నోడ్లను మెమరీలోనే తిరిగి కలిపి అసలు బైట్లతో పోలుస్తుంది. తేడా వస్తే ఆ ఇంపోర్టర్ ఫలితాన్ని పారేసి ఒక మెట్టు దిగుతుంది. భాషకు తగిన విభజన కుదరకపోతే ఖాళీ పంక్తులను బట్టి చేసే సాధారణ విభజన, అదీ కుదరకపోతే ఫైలంతా ఒకే నోడ్. ఏ పంక్తి దగ్గర తేడా వచ్చిందో కింది పట్టీలో ఒక వాక్యంలో చెబుతుంది. ప్రతి ఫైలునూ ఇలా రెండుసార్లు నడపడం వల్ల తెరవడం నెమ్మదిస్తుందేమోనన్న సందేహం మా బృందంలో వచ్చింది. ఆచరణలో ఎక్కువ సమయం తీసుకునేది చెట్టును తెరమీద గీయడమే, పోలిక దాని ముందు లెక్కలోకి రాలేదు.

ఈ ఏర్పాటు వల్ల కొత్త ఇంపోర్టర్లు రాసే విధానం కూడా మారింది. అసంపూర్ణమైన ఇంపోర్టర్‌ను కూడా ధైర్యంగా విడుదల చేయవచ్చు, ఎందుకంటే అది తడబడిన చోట ఫైలుకు హాని జరగదు. పరీక్షల కోసం సొంతంగా నమూనాలు రాసుకోవడం కంటే ఉన్న గ్రంథాలయాలనే వాడుకున్నాము. పైథాన్ సొంత గ్రంథాలయంలోని పరీక్షా ఫైళ్లలో ఉద్దేశపూర్వకంగానే తప్పుడు ఎన్‌కోడింగ్ ప్రకటించినవి, దోషాలతో రాసినవి ఉంటాయి. కామన్‌మార్క్ ప్రమాణ పత్రంలో 600కు పైగా మార్క్‌డౌన్ ఉదాహరణలు ఉన్నాయి. తెలుగు పాఠానికి వికీసోర్స్‌లోని పుస్తకాల పుటలు పనికివచ్చాయి. అన్నింటినీ తెరవడం, ముట్టుకోకుండా సేవ్ చేయడం, పోల్చడం, ఇంతే పరీక్ష.

వర్డ్ పత్రాలను ఇంకా చదవడానికి మాత్రమే తెరుస్తున్నాము. '.డాక్స్' నిజానికి ఒక జిప్ పొట్లం, దాని మొదటి రెండు బైట్లు 80, 75, లోపల అనేక ఎక్స్ఎంఎల్ ఫైళ్లు ఉంటాయి, శీర్షికలు శైలుల పేర్లను బట్టి తెలుస్తాయి. చెట్టు చక్కగానే వస్తోంది. మారిన పేరాను మాత్రమే తిరిగి రాసి, పొట్లంలోని మిగతా ఫైళ్లను బైట్లతో సహా యథాతథంగా ఉంచే మాడ్యూల్ తయారవుతోంది. లోపలి ప్రతి ఫైలూ విడివిడిగా ఈ పోలిక పరీక్షను దాటేవరకు ఆ రకానికి సేవ్ ఆదేశాన్ని తెరిచి ఉంచబోము.